బ్యాక్టీరియా కాంక్రీటు: కల్చరు కలిపితే క్యూబుల బలం ఎందుకు తగ్గింది?

యాంకర్: నమస్కారం. బ్యాక్టీరియా కాంక్రీటు, అంటే రంధ్రాలు పూడ్చే బ్యాక్టీరియా కలిపిన కాంక్రీటుపై మీ సందేహాలకు మెటీరియల్స్ ఇంజనీరు మేడం జవాబులిస్తారు. హలో, చెప్పండి.

కాలర్: నమస్తే మేడం. ప్రాజెక్టు కోసం బాసిల్లస్ సబ్టిలిస్ అనే బ్యాక్టీరియా కలిపి, బలం పరీక్షించే కాంక్రీటు దిమ్మెలు (క్యూబులు) పోశాం. మర్నాటికీ మెత్తగానే ఉన్నాయి. 28 రోజులకు మామూలు క్యూబులకన్నా తక్కువ బలం వచ్చింది.

మేడం: కల్చరు ఎలా కలిపారు?

కాలర్: బ్యాక్టీరియాను పెంచిన పోషక ద్రవాన్నే (న్యూట్రియంట్ బ్రాత్) బస్తాకి 2 లీటర్లు పోశాం.

మేడం: ఆ మేరకు నీళ్లు తగ్గించారా?

కాలర్: లేదండీ.

మేడం: అదే దెబ్బతీసింది. 50 కిలోల బస్తాకి 0.45 నీళ్లు-సిమెంటు నిష్పత్తిలో 22.5 లీటర్ల నీళ్లు. మీ 2 లీటర్లతో అది 0.49 అయింది. పైగా బ్రాత్‌లోని పెప్టోన్, ఈస్ట్ సారం సిమెంటును త్వరగా సెట్ కానివ్వవు. ఈసారి 24 గంటలు పెంచాక సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైన తేరిన బ్రాత్ తీసేయండి. అడుగున మిగిలిన ముద్దను స్టెరైల్ సెలైన్‌తో రెండుసార్లు కడిగి, మైక్రోస్కోపు కింద కణాలు లెక్కపెట్టండి. మిల్లీలీటరుకు 10 కోట్లు ఉన్నాయనుకుందాం. కలిపే నీటిలో మిల్లీలీటరుకు లక్ష చాలు కాబట్టి బస్తాకి పట్టేది 22.5 మిల్లీలీటర్లే!

కాలర్: ఇంకా ఎక్కువ వేస్తే బలం పెరగదా?

మేడం: చాలా ప్రయోగాల్లో లక్ష దగ్గరే బలం ఎక్కువగా వచ్చింది, కోటికి వెళ్తే మళ్లీ తగ్గింది. ఇక బ్యాక్టీరియాకు ఆహారంగా పనికొచ్చే కాల్షియం లాక్టేట్ సిమెంటు బరువులో 1 శాతం, అంటే బస్తాకి అర కిలో వేసి చూడండి. ముందు వికాట్ పరికరంతో సెట్టింగ్ టైమ్ (సిమెంటు గట్టిపడే సమయం) పరీక్షించండి. బ్యాక్టీరియా లేకుండా లాక్టేట్ మాత్రమే వేసిన క్యూబులు కూడా పోయాలి, లేకపోతే బలం దేనివల్ల వచ్చిందో తేలదు. నీటి పీల్పు పరీక్ష వదలొద్దు. బ్యాక్టీరియా వల్ల ఏర్పడే కాల్షియం కార్బొనేట్‌తో (సున్నపురాయి పదార్థం) సూక్ష్మరంధ్రాలు పూడటమే దీని అసలు లాభం, నాసిరకం మిక్సును ఇది బాగుచేయదు.

యాంకర్: తర్వాతి కాల్.

కాలర్: మేడం, స్లాబు మీద సన్న నెర్రెలు, కింద చెమ్మ. బ్యాక్టీరియా ద్రావణం పోస్తే మూసుకుంటాయా?

మేడం: ఎండకూ చలికీ నెర్రె వెడల్పు మారుతుంటే పోయొద్దు, పూడినా మళ్లీ తెగుతుంది. తుప్పు మరక ఉంటే ముందు ఇనుము సంగతి చూడాలి. ఈ రెండూ లేకపోతే వైర్ బ్రష్‌తో దుమ్ము దులిపి, తడిపి, యూరియాను విడగొట్టే స్పోరోసార్సినా పాశ్చరై అనే బ్యాక్టీరియా ఉన్న ద్రవం పట్టించండి. కొన్ని గంటలాగి, లీటరు నీటిలో 30 గ్రాముల యూరియా, 118 గ్రాముల కాల్షియం నైట్రేట్ టెట్రాహైడ్రేట్ కరిగించి పోయండి. నెర్రె నీళ్లు పీల్చడం ఆగేదాకా ఇదే వరుసలో మళ్లీ మళ్లీ చేయాలి.

కాలర్: రెండూ కలిపి ఒకేసారి పోయకూడదా?

మేడం: కాల్షియం కార్బొనేట్ డబ్బాలోనే పేరుకుంటుంది, పోసినా నెర్రె మూతి దగ్గరే అడ్డుపడి లోపల ఖాళీగా ఉండిపోతుంది. కాల్షియం క్లోరైడ్ చవకని అది వాడొద్దు, కడ్డీలు తుప్పుపడతాయి. అమ్మోనియా ఘాటు వస్తుంది, గాలి ఆడేలా చూసుకోండి. తాగునీటి ట్యాంకుకు మాత్రం ఈ పద్ధతి వద్దు.