రెండేళ్లు కష్టపడితే చాలన్నది ఎవరు?

(ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం విద్యార్థుల, తల్లిదండ్రుల ఇండక్షన్ సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న ప్రిన్సిపాల్ గారికి, హెచ్‌ఓడీలకు, తోటి అధ్యాపకులకు నమస్కారాలు. పొద్దున్నే బస్సెక్కి ఊళ్ల నుంచి వచ్చిన తల్లిదండ్రులకు ప్రత్యేకంగా నమస్కారం. పిల్లలూ, మీకు స్వాగతం ఇప్పటికే నలుగురు చెప్పారు కాబట్టి నేను నేరుగా విషయంలోకి వస్తాను.

నాకిచ్చిన అంశం "కళాశాల చదువుకు సంసిద్ధత". హాజరు, పరీక్షలు, ల్యాబులు, లైబ్రరీ, ప్లేస్‌మెంట్ అని అయిదు విషయాలు కాగితం మీద రాసిచ్చారు. వాటికంటే ముందు పెద్దవాళ్లతో ఒక మాట మాట్లాడాలి.

పదో తరగతి ఫలితాలు రాగానే పిల్లలకు మన ఇళ్లన్నింటిలో ఒకే మాట చెప్పాం. "ఈ రెండేళ్లు కళ్లు మూసుకుని చదువు, ఆ తర్వాత అంతా హాయే." అడ్మిషన్ కోసం ఇంటికి వచ్చిన ఇంటర్ కాలేజీ పీఆర్వో చెప్పాడు, మేనమామ చెప్పాడు, పక్కింటి వాళ్లూ చెప్పారు. ఆ మాట నమ్మి పిల్లలు రెండేళ్లు బతుకమ్మకు రాలేదు, సంక్రాంతికి రాలేదు. తెల్లవారుజామున స్టడీ అవర్, రాత్రి పదింటి దాకా స్టడీ అవర్, ఆదివారం వీకెండ్ టెస్ట్. ఇప్పుడు వాళ్లు ఆ హాయి ఎక్కడుందని వెతుక్కుంటూ వచ్చారు. వాళ్లను తప్పు పట్టడానికి లేదు, మనమే మాటిచ్చాం. కానీ మొదటి సెమిస్టర్లో సబ్జెక్టులు పోయే పిల్లల్లో తెలివి తక్కువై పోయేవాళ్లు బహు కొద్దిమంది. ఎక్కువమందిని ముంచేది ఆ మాటే. అందుకే ఇవాళ అందరి ముందూ అంటున్నాను, ఆ మాట అబద్ధం. ఇంటికి వెళ్లేలోపు మీ పిల్లలకు మీ నోటితోనే ఈ సంగతి చెప్పండి.

ఇక పరీక్షల సంగతి. ఎంసెట్ అనండి, ఇప్పటి పేరుతో ఈఏపీసెట్ అనండి, 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు. మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. ఒక్కో ప్రశ్నకు 67 సెకన్లు. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి చివరి రెండు నిమిషాల్లో మిగిలినవన్నిటికీ ఒకే ఆప్షన్ పెట్టేయమని నేర్పారు. లెక్క చేయకుండా ఆప్షన్లనే సమీకరణంలో పెట్టి చూసి, సరిపోయింది పట్టుకోవడం నేర్పారు. ఆ పరీక్షకు అది సరైన పద్ధతే. మీరు దాన్ని బాగా నేర్చుకున్నారు కాబట్టే ఇక్కడ కూర్చున్నారు.

సెమిస్టర్ పేపర్లో మాత్రం ఆప్షన్లు ఉండవు. జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్22 రెగ్యులేషన్ (2022-23లో చేరినవాళ్లతో మొదలైన నియమావళి) ప్రకారం థియరీ సబ్జెక్టుకు 100 మార్కుల్లో 40 ఇంటర్నల్ (కాలేజీలో వేసేవి), 60 ఎక్స్‌టర్నల్ (సెమిస్టర్ చివరి పరీక్షవి). ఆ 60లో 35 శాతం, అంటే 21 మార్కులు విడిగా రావాలి, రెండూ కలిపి కనీసం 40 ఉండాలి. ఇంటర్నల్లో 35 తెచ్చుకుని ఎక్స్‌టర్నల్లో 18 దగ్గర ఆగిపోయిన పిల్లవాడు ఫెయిలే. మొత్తం 53 వచ్చాయి కదా అంటే కుదరదు. సిలబస్‌లో అయిదు యూనిట్లు. పెద్ద ప్రశ్నలు ఒక్కో యూనిట్ నుంచి ఒక్కోటి వస్తాయి, "ఇది గానీ అది గానీ" అని ఛాయిస్ ఆ యూనిట్ లోపలే ఉంటుంది. కాబట్టి "నాలుగో యూనిట్ కష్టం, వదిలేద్దాం" అనుకుంటే పది మార్కుల ప్రశ్న మొత్తం వదిలేసినట్టే. మొదటి మిడ్‌కు, అంటే సెమిస్టర్ మధ్యలో పెట్టే ఇంటర్నల్ పరీక్షకు, రెండున్నర యూనిట్లు, రెండో మిడ్‌కు మిగతా రెండున్నర. చివరి విడత కౌన్సెలింగ్‌లోనో స్పాట్ అడ్మిషన్‌లోనో చేరినవాళ్లకు మొదటి యూనిట్ అప్పటికే అయిపోయి ఉంటుంది. మొదటి మిడ్ వాళ్లకు రెండు మూడు వారాల్లోనే మీద పడుతుంది. వాళ్ల గురించి చివర్లో ప్రిన్సిపాల్ గారిని ఒకటి అడగాలి.

మ్యాథ్స్ పేపర్లో ఎక్కడ దెబ్బ తింటారంటే, మాత్రిక ర్యాంకు కనుక్కోమంటే జవాబు "2" అని ఒక్క అంకె రాస్తారు. జవాబు సరైందే. కానీ వరుసల మీద ఏ క్రియ చేశారో, ఏ వరుస సున్నా అయిందో ఒక్కో మెట్టుకూ మార్కులుంటాయి. పక్కన రఫ్‌లో గీసి కొట్టేసిన లెక్కకు ఎవాల్యుయేటర్ మార్కులు వేయడు. "ఆన్సర్ కరెక్టే కదా సర్, మార్కులెందుకు పోయాయి?" అని పిల్లలు నిజంగానే అర్థం కాక అడుగుతారు. ఇంట్లో రోజుకు ఒక్క లెక్కనైనా మొదటి మెట్టు నుంచి చివరి మెట్టు దాకా ఇంకుతో, తెల్లకాగితం మీద, గడియారం పెట్టుకోకుండా రాయండి. ఇరవై లెక్కలు చూసి తలాడించడం కంటే అది మేలు.

హాజరు. ఇది లెక్కగా చెబితేనే తలకెక్కుతుంది. సెమిస్టర్ సుమారు 16 వారాలు, వారానికి ఆరు రోజులు అనుకుందాం, 96 రోజులు. 75 శాతం అంటే 72 రోజులు రావాలి, 24 రోజులు చేతిలో ఉన్నాయి. చాలా అనిపిస్తుంది కదా? ఊరెళ్లడానికి ప్రతి శనివారం మానేస్తే 16 పోయాయి. మిగిలిన ఎనిమిది ఒక జ్వరానికి, ఒక పెళ్లికి, దసరాకు ముందొక రోజు వెనకొక రోజుకు సరిపోతాయి. శనివారంతో పాటు సోమవారం కూడా మానేసే అలవాటుంటే 32 రోజులు పోయి హాజరు సుమారు 67 శాతానికి దిగుతుంది. 65కు, 75కు మధ్య ఉన్నవాళ్లు కండోనేషన్ (తక్కువైన హాజరును మన్నించడం) కోసం మెడికల్ సర్టిఫికెట్ పట్టుకుని, ఫీజు కట్టి, కాలేజీ దయ కోసం నిలబడాలి. అది హక్కు కాదు. 65 లోపు పడితే డిటైన్. పరీక్ష రాయనివ్వరు, అదే సెమిస్టర్‌ను మళ్లీ ఏడాది జూనియర్లతో కూర్చుని చదవాలి. బెల్లు కొట్టి, హాస్టల్ తలుపు తట్టి లేపే వార్డెన్ ఇక్కడ లేడు. రెండేళ్లుగా ప్రతి గంటనూ ఇంకొకరే నిర్ణయించిన పిల్లలకు సాయంత్రం నాలుగు నుంచి పదకొండు దాకా ఏడు గంటలు ఒక్కసారిగా ఖాళీగా దొరికితే, చేతిలో కొత్త ఫోనూ ఉంటే, ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు ల్యాబుల దగ్గరికి వస్తున్నాను. లైబ్రరీ, ప్లేస్‌మెంట్ గురించి చెప్పడానికి ఈ వారంలో వేరే పెద్దలు వస్తారు, నా మిగతా సమయం దీనికే వాడుకుంటాను. నాకు అసలు బాధ ఇక్కడే ఉంది.

ఇంటర్లో మీరందరూ ఫిజిక్స్ రికార్డు రాశారు. లఘులోలకం గుర్తుందా? చేతులెత్తండి. ఎత్తినవాళ్లలో దారానికి గుండు కట్టి నిజంగా ఊపినవాళ్లే చేయి ఉంచండి. చూశారా అమ్మా, ఎన్ని చేతులు దిగాయో! చాలా చోట్ల ప్రాక్టికల్స్ అంటే పరీక్షకు ముందు నాలుగు రోజులు. అయినా ముప్పైకి ముప్పై వచ్చాయి. గుండు ముట్టుకోనివాళ్లకూ వచ్చాయి. ఆ ముప్పై మార్కులు పిల్లలకు ఏం నేర్పాయో తెలుసా? రీడింగ్ అంటే కొలిచేది కాదు, ఎదురుగా ఉన్న రికార్డులోంచి దించుకునేది అని.

ఆ ప్రయోగం కాస్త నిదానంగా చెబుతాను, వినండి. దారం పొడవు ఒక మీటరు. ఒక డోలనానికి సుమారు రెండు సెకన్లు. స్టాప్‌వాచ్ నొక్కడంలో మన చెయ్యి 0.2 సెకన్లు అటూ ఇటూ అవుతుంది. ఒక్క డోలనాన్నే కొలిస్తే కాలంలో పది శాతం తప్పు, కాలాన్ని వర్గం చేస్తాం కాబట్టి గురుత్వ త్వరణంలో ఇరవై శాతం తప్పు. ఇరవై డోలనాలకు కలిపి కొలిస్తే అదే 0.2 సెకన్లు ఇరవైకీ పంచుకుపోయి, చివరి విలువలో తప్పు ఒక శాతానికి దిగుతుంది. రికార్డులో "20 డోలనాలకు పట్టిన కాలం" అని అందరూ రాశారు. ఇరవై ఎందుకని అడగండి, ఎందరు చెబుతారో చూద్దాం.

ఇప్పుడు ఒక అమ్మాయి నిజంగా ప్రయోగం చేసింది. గురుత్వ త్వరణం సెంటీమీటర్లలో 981 రావాలి, ఆమెకు 1087 వచ్చింది. ఏం జరిగింది? గుండును వదలగానే "సున్నా" అనాలి. ఆమె "ఒకటి" అంది. ఇరవై అని వాచ్ ఆపేసరికి జరిగినవి పందొమ్మిదే. 981ని ఇరవై బై పందొమ్మిది వర్గంతో గుణించి చూడండి, సరిగ్గా 1087 వస్తుంది. ఇంకొకరికి 971 వస్తుంది. దారాన్ని గుండు మధ్య దాకా కొలవాలి, అతను గుండు పైన కొక్కెం దాకా కొలిచాడు. ఒక సెంటీమీటరు వ్యాసార్థం వదిలేశాడు, విలువలో ఒక శాతం పోయింది. 1087 అన్న అంకెలో ఆ పిల్ల చేసిన పని మొత్తం కనిపిస్తోంది. అధ్యాపకుడు దాన్ని చూసి "ఎక్కడి నుంచి లెక్కపెట్టావమ్మా?" అని ఒక్క ప్రశ్న వేస్తే ఆ పాఠం ఆమె జన్మలో మర్చిపోదు.

కానీ ఏం జరుగుతుంది? ఆమె భయపడి ఎరేజర్ తీస్తుంది. 1087 చెరిపేస్తుంది. పక్క బెంచీ వాళ్ల 981 వేస్తుంది. ఆ పేజీకి పదికి పది. ఇది నాకు కడుపు మండే విషయం, తోటి అధ్యాపకులు కూడా వినాలి. ఆమె చేత చెరిపించింది మార్కులు వేసిన మనం.

ఇదే అలవాటు కంప్యూటర్ ల్యాబుకూ వస్తుంది. సీ లాంగ్వేజ్‌లో మొదటి వారాల్లోనే ఫారన్‌హీట్‌ను సెల్సియస్‌లోకి మార్చే ప్రోగ్రాం ఇస్తాం. పుస్తకంలో సూత్రం ఎలా ఉందో అలాగే 5/9 అని ముందు రాస్తారు. 98.6 ఇస్తే 37 రావాలి, సున్నా వస్తుంది. ఎంత ఇచ్చినా సున్నాయే. కంపైలర్ ఒక్క ఎర్రర్ కూడా చూపదు. రెండు పూర్ణాంకాలను భాగిస్తే సీ లాంగ్వేజ్ దశాంశ భాగం కొట్టేస్తుంది, 5/9లో 0 మాత్రమే మిగులుతుంది, 5.0/9 అని రాయాలి. ఈ సున్నా ముందు పావుగంట కూర్చుని, మధ్యలో విలువలను ప్రింట్ చేసి చూసుకుని కనిపెట్టిన పిల్లవాడు ప్రోగ్రామింగ్ నేర్చుకున్నట్టు. సీనియర్ అబ్జర్వేషన్ బుక్ ఫోటో చూసి టైప్ చేసిన పిల్లవాడికి మొదటిసారే 37 వస్తుంది, ఏమీ రాదు.

ఇంజనీరింగ్ గ్రాఫిక్స్ గురించి రెండు ముక్కలు. హెచ్‌పీకి (పడుకున్న తలానికి) 30 మిల్లీమీటర్లు పైన, వీపీకి (నిలువు తలానికి) 40 ముందు ఉన్న బిందువు గీయమంటే ఫ్రంట్ వ్యూ గీతకు 30 పైన, టాప్ వ్యూ 40 కింద రావాలి. పై నుంచి చూసింది కింద ఎందుకు వస్తుందని సగం క్లాసు తికమక పడుతుంది. ఒక అట్టముక్కను ఎల్ ఆకారంలో మడిచి, పడుకున్న భాగాన్ని కిందికి తిప్పండి, కళ్లకే తెలిసిపోతుంది. బట్టీ పట్టొద్దు.

తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకు ఒక మాట. మీకు సబ్జెక్టు వచ్చు. సమాకలనం అంటే ఇంటిగ్రేషన్, నిర్ధారకం అంటే డిటర్మినెంట్, త్వరణం అంటే యాక్సిలరేషన్. మొదటి రెండు వారాలు నోట్సు చివరి పేజీల్లో రెండు నిలువు వరుసలు గీసి, క్లాసులో విన్న ప్రతి కొత్త పేరు ఎదురుగా మీకు తెలిసిన పేరు రాసుకోండి. డౌటు తెలుగులోనే అడగండి. ఇక్కడ పాఠాలు చెప్పే మాకూ తెలుగు వచ్చు.

కోరుకున్న బ్రాంచి రాలేదని ముఖం ముడుచుకున్నవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. సీఎస్‌ఈ అనుకుంటే సివిల్ వచ్చింది. కాలేజీకి వస్తూనే లాంగ్‌టర్మ్, అంటే మళ్లీ ఏడాది కోచింగ్ తీసుకుని ఎంట్రన్స్ రాసే ఆలోచన చేస్తున్నవాళ్లూ ఉన్నారు. మొదటి ఏడాది మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ, ప్రోగ్రామింగ్ దాదాపు అన్ని బ్రాంచీల వాళ్లూ చదవాల్సినవే. బ్రాంచి మీద అలిగి ఈ ఏడాది సబ్జెక్టులు పోగొట్టుకుంటే ఆ బ్యాక్‌లాగులు, అంటే మిగిలిపోయిన సబ్జెక్టులు, పాసయ్యేదాకా వెంట వస్తాయి. ర్యాగింగ్ విషయం ప్రిన్సిపాల్ గారు వివరంగా చెప్పారు, జాతీయ హెల్ప్‌లైన్ 1800-180-5522 ఫోన్లో ఇప్పుడే సేవ్ చేసుకోండి.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. ఫోన్ చేసినప్పుడు "మార్కులెన్ని?" అని కాకుండా "ఇవాళ ల్యాబులో ఏం కొలిచావు, ఎంత వచ్చింది?" అని అడగండి. మీకు ఫిజిక్స్ రానక్కర్లేదు. చేసినవాడు చెబుతాడు, దించుకున్నవాడు నీళ్లు నములుతాడు.

పిల్లలూ, మొదటి ల్యాబుకు ఎవరూ ఎరేజర్ తేవద్దు, పెన్సిల్‌తో రీడింగులు వేయొద్దు. పెన్నుతో రాయండి. తప్పనిపిస్తే దాని మీద ఒక్క గీత కొట్టి పక్కన కొత్త రీడింగ్ వేయండి, రెండూ కనబడాలి. 1087 వచ్చి, ఎందుకొచ్చిందో రెండు వాక్యాలు రాసినవాళ్లకు ఉత్త 981 వేసినవాళ్ల కంటే ఎక్కువ మార్కులు వేయాలని తోటి అధ్యాపకులను ఈ సభలోనే కోరుతున్నాను.

ప్రిన్సిపాల్ గారూ, నేను అడగాలన్నది ఇదే. ఆలస్యంగా చేరిన పిల్లల కోసం మొదటి మిడ్ అయ్యేదాకా వారానికి రెండు సాయంత్రాలు, నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా, ఫిజిక్స్ ల్యాబూ కంప్యూటర్ ల్యాబూ తెరిచి ఉంచండి. ల్యాబ్ అసిస్టెంట్లకు ఆ గంటల డబ్బు విడిగా ఇవ్వండి, ఆరున్నరకు కాలేజీ బస్సు ఒకటి ఉంచండి. బస్సు లేకపోతే ఊళ్ల నుంచి వచ్చే ఆడపిల్లలు ఉండలేరు, అప్పుడు ల్యాబు తెరిచినా వాళ్లకు తెరవనట్టే.