యాస దిద్దిన్రు, అడిగే తీరు దిద్దలే: సినిమా మాటలపై చర్చ

(హన్మకొండ స్టూడియోలో జరిగిన చర్చా కార్యక్రమం నుంచి. పాల్గొన్నవారు: భాషాశాస్త్రం బోధించే అధ్యాపకురాలు, సినిమా సంభాషణల రచయిత, డబ్బింగ్ కూడా చెప్పే రంగస్థల నటి.)

సమన్వయకర్త: అందరికీ నమస్తే. డైలాగ్ పేలిందా లేదా అన్న ముచ్చట రోజూ వింటనే ఉంటం. ఇయ్యాల వేరే ప్రశ్న. పాత్ర నోటి నుంచి వచ్చిన మాట ఏం పని చేసింది? గట్ల మాటతోనే జరిగే పనిని భాషాశాస్త్రంల స్పీచ్ యాక్ట్ అంటరు. మేడం, మీతోనే మొదలుపెడదాం.

అధ్యాపకురాలు: మన దగ్గరి మాటతోనే చెప్తాను. ‘నీ బాంచెన్, కాల్మొక్త’ అని దొర ముందు అన్న మనిషి ఏ సమాచారమూ ఇవ్వడం లేదు. అది నిజమా, అబద్ధమా అని అడగలేం. అనడమే మొక్కడం. గడి బయట నిలబడి అన్నా మొక్కినట్టే లెక్క. బ్రిటిష్ తత్వవేత్త జె.ఎల్. ఆస్టిన్ 1955లో హార్వర్డ్‌లో ఇచ్చిన ఉపన్యాసాల్లో ఇట్లాంటి మాటలనే పట్టుకున్నాడు. ఆయన పోయాక 1962లో అవి పుస్తకంగా వచ్చాయి. ఆయన మూడు పొరలు చూపిస్తాడు. నోటి నుంచి వచ్చిన మాట ఒకటి, అనడంలోనే జరిగిపోయే పని ఒకటి, దాని వల్ల అవతలి మనిషిలో వచ్చే మార్పు ఒకటి. ‘కాల్మొక్త’ అనగానే లొంగుబాటు జరిగిపోయింది. దొర కోపం చల్లారొచ్చు, చల్లారకపోవచ్చు. అది మూడో పొర.

రచయిత: పాతకాలం కథ అనంగనే గా మాటను సీన్ల నిండ చల్లుతరు మేడం. నాకు బాధ గక్కడనే. 1946 నుంచి 51 దాక నడిచిన సాయుధ పోరాటం మీద కథ రాస్తున్నమనుకో. పాలకుర్తి దిక్కు రైతు దొర ముందట నిలబడి ఉత్తగ ‘ఏందో చెప్పు’ అన్నడంటే అది ప్రశ్న కాదు, తిరుగుబాటు. కని ముందటి సీన్లల్ల ‘కాల్మొక్త’ అనేది పద్ధతిగ, అనాల్సిన కాడనే వినిపియ్యాలె. అప్పుడే అది వినపడని సీన్ల హాల్ మొత్తం ఉలిక్కిపడ్తది. అట్ల కాకుండ రైతుతోని రెండు పేజీల ఉపన్యాసం చెప్పిస్తున్నరు.

సమన్వయకర్త: అన్నా, లోపలికి వచ్చేముందు మీరొక మాటన్నరు, యాస పెట్టిన్రు గని అడిగే తీరు పెట్టలేదని.

రచయిత: అవును, ఆ మాట అన్న, మళ్ల అంట. ఇప్పుడు తెలంగాణ యాస లేని సినిమా తక్కువ. సంతోషమే. మా చిన్నప్పుడు గా యాస నవ్విచ్చేటోనికో, రౌడీకో ఇచ్చెటోళ్లు. కని ఇయ్యాల ఏం జేస్తున్నరు? ‘నాకు డబ్బులు కావాలి’ అని రాసుకొని ‘నాకు పైసలు గావాలె’ అని మారుస్తున్నరు. అవతలోడు ‘నేనివ్వను’ అనేది ‘నేనియ్య’ అయితది. మా దిక్కు అప్పు గట్ల అడుగుతరా? వచ్చి కూసుంటడు. వానల ముచ్చట తీస్తడు. పత్తి ఎట్లుందని అడుగుతడు. అంతట్ల ఇంటాయనే ‘మొన్ననే యూరియా కట్టలకు పెట్టిన బావా, చెయ్యంత ఖాళీ. కూసో, చాయ్ తాగిపో’ అంటడు. అడుగుడు అయిపోయింది, కాదనుడు అయిపోయింది. ఇద్దర్ల ఒక్కలు గూడ అప్పు అన్న మాట ఎత్తలే.

అధ్యాపకురాలు: ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. అమెరికన్ తత్వవేత్త జాన్ సెర్ల్ 1975లో మాటతో పరోక్షంగా చేసే పనుల గురించి రాస్తూ ఇచ్చిన ఉదాహరణ అచ్చం ఇట్లాంటిదే. ఒకరు సినిమాకు పోదామంటే రెండోవారు పరీక్షకు చదువుకోవాలంటారు. చెప్పింది సంగతి, చేసింది తిరస్కారం. కానీ ఇది పడమటి దేశాలు మనకు నేర్పిన పాఠమని అనుకోవద్దు. శాతవాహన రాజు హాలుడి పేరు మీదున్న ప్రాకృత గాథల సంకలనం గాథాసప్తశతిలో, గోదారి ఒడ్డున, ఒకామె భిక్షకు తిరిగే ఆయనతో అంటుంది: నిశ్చింతగా తిరగండి స్వామీ, మిమ్మల్ని భయపెట్టే ఆ కుక్క పోయింది, గోదారి పొదల్లో ఉండే సింహం దాన్ని చంపేసింది. పైకి అనుమతి. కానీ ఆయన మళ్లీ అటు అడుగుపెట్టడు. ఆమె తన ప్రియుణ్ని కలుసుకునే చోటు అది. తొమ్మిదో శతాబ్దంలో అలంకారశాస్త్రవేత్త ఆనందవర్ధనుడు ధ్వని, అంటే పైకి చెప్పకుండానే స్ఫురించే అర్థం, ఏమిటో చెప్పడానికి ఈ గాథనే ఎత్తుకున్నాడు. శాతవాహనుల నాణేలు దొరికిన కోటిలింగాల కూడా మన జగిత్యాల జిల్లాలో గోదారి ఒడ్డునే ఉంది. ఇట్లాంటి గాథ పుట్టిన నది పక్కనుంచి వచ్చిన పాత్రతో ‘నువ్వు రావద్దు’ అని సూటిగా చెప్పిస్తే నాకు మనసొప్పదు.

నటి: నాది ఇంకో బాధ. మాట ఎవరి దిక్కు చూసి అంటరు, ఎవరికి తగలాలని అంటరు, రెండు వేరు. కొడుకు మీద అలిగిన తండ్రి ఇంటామెతోని ‘వాన్ని తినుమను’ అంటడు. కొడుకు పక్క మంచం మీదనే ఉంటడు. ఆమె మళ్ల చెప్పది. చెప్పాల్సిన పని లేదు. డబ్బింగ్ రూమ్‌ల నాకు గా లైన్ వస్తే, ఆమె దిక్కు చూసే గొంతా, కొడుక్కు తగిలే గొంతా అని అడుగుత. పేపర్ మీద గది ఉండది.

అధ్యాపకురాలు: హెర్బర్ట్ క్లార్క్, థామస్ కార్ల్‌సన్ అనే పరిశోధకులు 1982లో దీని మీదే రాశారు. ఒకే మాటతో ఒకరికి ఆజ్ఞ, పక్కన ఉన్నవారికి వేరే పని జరగొచ్చు. సినిమాలో ఇంకో వినేవాడు ఉంటాడు, టికెట్ కొన్న ప్రేక్షకుడు. ఆ తండ్రి మెత్తబడ్డాడని భార్యకు తెలుసు, కొడుకుకు తెలుసు. రచయిత ఆ లైన్ రాసింది మనకు తెలియడానికి.

సమన్వయకర్త: మేడం, ఒక అనుమానం. ఆస్టిన్ వేదిక మీది మాటలను లెక్కలకు తీసుకోలేదు గదా? నటుడు అన్న మాట డొల్ల అన్నడు. మరి సినిమా మాటలకు ఆయన సిద్ధాంతం ఎట్ల పెడ్తున్నం?

అధ్యాపకురాలు: నిజమే, అన్నాడు. సినిమాలో తాళి కడితే నటులకు పెళ్లి కాదు. ఆ అర్థంలో డొల్లే. కథ లోపల మాత్రం పాత్రలకు పెళ్లి అయినట్టే, ఆ తర్వాతి సీన్లన్నీ దాని మీదే నడుస్తాయి. మనం విశ్లేషించేది ఆ లోపలి లోకాన్ని.

నటి: నేను ఒప్పుకోను మేడం. ఐనవోలు మల్లన్న కాడికి పోండ్రి. ఒగ్గు పూజారులు పట్నం, అంటే రంగుల ముగ్గు, వేస్తరు, డోలు కొడ్తరు, కథ చెప్తరు, మల్లన్న లగ్గం చేస్తరు. కథ చెప్పేటాయనే లగ్గం చేసేటాయన. అక్కడ కూసున్నోళ్లకు అది ఆట కాదు, మొక్కు తీరుడు. ఆటల అన్నది డొల్ల అంటే మా ఊర్లల్ల ఎవ్వరు నమ్మరు.

అధ్యాపకురాలు: ఆ పూజారికి ఆ అధికారం ఉంది, ఆ చోటు ఉంది, వినేవారి నమ్మకం ఉంది. ఆస్టిన్ పెట్టిన షరతులన్నీ తీరుతున్నాయి. సినిమా హాల్లో అవి ఉండవు. కానీ ఆట ఒకవైపు, నిజం ఒకవైపు అని ఆయన గీసిన గీత మన దగ్గర అంత తిన్నగా లేదు. మీ మాట నేను తీసుకుంటున్నాను.

సమన్వయకర్త: విశ్లేషణ నేర్చుకునే పిల్లలు ఎట్ల మొదలుపెట్టాలె? సెర్ల్ చెప్పిన ఐదు రకాలు, చెప్పుడు, చేయమనుడు, మాటిచ్చుడు, మనసు చూపుడు, ప్రకటించుడు, ఇవి పట్టుకొని ఒక్కో లైన్‌కు పేరు రాస్తే సరిపోతదా?

అధ్యాపకురాలు: సరిపోదు. ‘రేపు పొద్దుగాల మీ ఇంటికి వస్త.’ ఈ లైన్‌కు ఏం పేరు పెడతారు? బావమరిది అంటే మాట ఇచ్చినట్టు. కిస్తీ వసూలుకు తిరిగే మనిషి అంటే బెదిరింపు. వినేవాడికి అది కావాలా వద్దా అన్నదే తేడా అని సెర్ల్ 1969లోనే చెప్పాడు. అందుకే నేను పిల్లలకు ఆ లైన్‌ను మూసేసి తర్వాతి లైన్ చూడమంటాను. వినే పాత్ర ‘కూర ఏం వండమంటవ్’ అందా, ‘ఇంకో వారం ఆగు సారూ’ అందా? జవాబే ముందు మాట పేరు చెప్తుంది.

రచయిత: దీవెన, తిట్టు గూడ అంతే మేడం. ‘నీ కడుపు సల్లగుండ’, ‘నీ నోట్ల మన్నువడ’, రెంటి కట్టుబడి ఒక్కటే. మన ముసలమ్మలు నవ్వుకుంట రెండోది అన్నరంటే మురిపెం.

నటి: అనొద్దని తెలిసిన మాటలు గూడ ఉంటయి. ఒక సీన్ల సావు ఇంటి నుంచి లేస్తున్న మనిషితోని ‘పోయొస్త’ అనిపిచ్చిన్రు. అక్కడ ఎవ్వరన్న అంటరా? చెప్పకుండ లేచిపోవాలె. నేను ఆ లైన్ చెప్పనన్న. డైరెక్టర్ విని, తీసేసిండు.

సమన్వయకర్త: అన్నా, మీరు రాస్తున్న సీన్ ఒకటి తెచ్చిన్రు. చదువుతరా?

రచయిత: అన్నదమ్ములు. పొలం పంపకంల కొట్లాడి మాటలు బంద్ అయినయి. తమ్ముడు వచ్చి కలుస్తడు. మొదటిసారి గిట్ల రాసిన: ‘అన్నా, నన్ను క్షమించు. ఇగ మీదట నిన్ను బాధపెట్టనని మాటిస్తున్న.’ యాస ఉన్నది, మనుషులు లేరు. మళ్ల రాసిన. ‘అన్నా, మోటరు కాలిందట గదా. మా బాయి నీళ్లు ఇటు తిప్పుకో.’ అన్న: ‘పైపు సాలది.’ తమ్ముడు: ‘నా కాడ ఉన్నది.’ అన్న: ‘ఎన్ని ఫీట్లుంటది?’

నటి: ‘పైపు సాలది’ అన్నది కోపంగ చెప్పొద్దు. లెక్క వేసుకుంటున్నట్టు చెప్పాలె. కోపంగ చెప్తే కాదన్నట్టు అయితది.

అధ్యాపకురాలు: అవును. నీళ్లు ఇస్తాననడం క్షమాపణ అడగడం. ఎన్ని ఫీట్లని అడగడం ఒప్పుకోవడం. కానీ సబ్‌టైటిల్ రాసే వారికి, వేరే భాషలో డబ్బింగ్ రాసే వారికి ఇది దొరకదు. ‘సాలది’ అన్నది వాళ్లు తిరస్కారం చేసేస్తారు. స్క్రిప్ట్‌లో ఆ లైన్ పక్కనే, అన్న ఒప్పుకుంటున్నాడు అని రాసి పంపండి.

రచయిత: రాస్త మేడం. తమ్ముని లైన్ పక్కన గూడ రాస్త.

సమన్వయకర్త: సమయం అయిపోయింది. ముగ్గురికీ ధన్యవాదాలు.