ఆ సంగతి ఏ ఆఫీసు రాసి ఉంటుంది?

సభలోని పెద్దలకు, పిల్లలకు నమస్కారం.

లైబ్రేరియన్ అనగానే నవలలు చదువుకుంటూ హాయిగా కూర్చునే ఉద్యోగం అనుకుంటారు. నాకు ఆ భాగ్యం దక్కలేదు. చేరిన కొత్తలోనే ప్రభుత్వ ప్రచురణల విభాగంలో పడేశారు. గెజిట్లు, జీవోలు, జనాభా లెక్కలు, శాసనసభ చర్చలు, ఆడిట్ రిపోర్టులు. అది మూలకు నెట్టేసిన సెక్షన్ అని తోటివాళ్లు జాలిపడ్డారు. రిటైరయ్యేదాకా నేను అక్కడినుంచి కదల్లేదు, కదపమని అడగనూ లేదు.

ఈ కాగితాలకు రచయిత ఉండడు. శాఖ ఉంటుంది, దాని పేరు మారిపోతుంటుంది. మద్రాసు ప్రభుత్వం వేసిన ఫోర్ట్ సెయింట్ జార్జ్ గెజిట్ ఇప్పుడు తమిళనాడు ప్రభుత్వ గెజిట్ అయింది. అందుకని ఎవరైనా వచ్చి "మా ఊరి చెరువు గురించి ఏమైనా ఉందా అమ్మా" అంటే, చెరువులన్న శీర్షిక కింద వెతికి లాభం లేదు. నేను ఎదురు ప్రశ్న వేసేదాన్ని: ఆ చెరువు సంగతి ఏ ఆఫీసు రాసిపెట్టుకోవాల్సి వచ్చి ఉంటుంది? సర్కారు సరదాకి ఏదీ రాయదు. గట్టు తెగి డబ్బు ఖర్చయితే పబ్లిక్ వర్క్స్ వాళ్లు రాస్తారు. శిస్తు తగ్గిస్తే రెవెన్యూ వాళ్లు రాస్తారు. ఆ రోజుల్లో తగువు పెద్దదై పైకి వెళితే, రెవెన్యూ వాళ్ల పై మండలి అయిన బోర్డ్ ఆఫ్ రెవెన్యూ ప్రొసీడింగ్స్‌లో తేలేది.

ఒకసారి చెన్నైలో ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్ రోడ్డులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కుర్రాడు వచ్చాడు. తిరుత్తణి దగ్గర పల్లె. తాతగారి పొలం ఎప్పుడు, ఎలా పట్టా అయిందో కావాలి. నేను చిత్తూరు జిల్లా సంపుటాలు తెప్పిస్తుంటే, "మేడమ్, మాది తిరువళ్లూరు జిల్లా" అన్నాడు.

"ఇప్పుడు కదా నాయనా!" అన్నాను.

తిరువళ్లూరు జిల్లా పుట్టిందే 1997లో. అంతకుముందు ఆ పల్లె చెంగల్పట్టు జిల్లాది. 1960 ఏప్రిల్ 1కి ముందు ఆంధ్రాలో చిత్తూరు జిల్లాది. 1953 అక్టోబరు 1కి ముందు అదే చిత్తూరు జిల్లా, కానీ మద్రాసు రాష్ట్రం. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడకముందు ఉత్తర ఆర్కాటు. పల్లె మాత్రం ఉన్నచోటే ఉంది! మన ఒంగోలుదీ ఇదే వరస. 1904 దాకా నెల్లూరు, తర్వాత గుంటూరు, 1970లో వేరే జిల్లా. ఒంగోలు కుటుంబాల వంశవృక్షాలు రాసేవాళ్లు బాస్వెల్ 1873లో అచ్చేసిన జిల్లా వివరాల పుస్తకం, నెల్లూరు మాన్యువల్, తెరవకుండా గుంటూరు గెజిటీర్‌తో ఆపేస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమనేది.

కుర్రాడి విషయానికొస్తే, ఆ పల్లె పూర్వం జమీ గ్రామం. రైతులు నేరుగా సర్కారుకే శిస్తు కట్టిన రైత్వారీ ఊళ్ల లెక్కలు సర్కారు దగ్గర దొరికినట్టు జమీ ఊళ్లవి దొరకవు, శిస్తు కట్టింది జమీందారు కచేరీలో కదా. 1948 ఎస్టేట్ల (అంటే జమీందారీల) రద్దు చట్టం కింద ఏ ఎస్టేటును ఎప్పటినుంచి తీసుకుంటున్నదీ గెజిట్‌లో నోటిఫై చేశారు. ఆ తేదీ తెలిస్తే ఆ తర్వాత ఎవరి భూమి ఏదో, శిస్తు ఎంతో తేల్చిన సెటిల్మెంటు కాగితాలు అడగొచ్చు. ఇద్దరం కూర్చుని వెతికాం. ఆ కాలపు గెజిట్ కాగితం అప్పడంలా ఉంటుంది. పై మూల పట్టుకుని, కింద అరచెయ్యి ఆనించి తిప్పాలి, లేకపోతే చేతిలోకే వచ్చేస్తుంది. పైగా బైండింగ్ చేసినవాడు లోపలి అంచు కుట్టులో కలిపేశాడు, ప్రతి వరుసలో మొదటి రెండక్షరాలు ఊహించుకోవాలి. మధ్యాహ్నం దాటాక ఎస్టేటు పేరు కనిపించింది. కుర్రాడు ఫోన్లో ఫొటో తీసుకుని భోజనం కూడా చేయకుండా పరిగెత్తాడు.

ఇలాంటివి నిలవాలంటే ముందు ఎక్కడో చేరాలి. 1954 చట్టం ప్రకారం దేశంలో అచ్చైన ప్రతి పుస్తకం నాలుగు గ్రంథాలయాలకు పంపాలి, వాటిలో మన చెన్నై ఎగ్మూరులోని కన్నెమరా గ్రంథాలయం ఒకటి. ఏడో సెక్షన్ ప్రకారం ప్రభుత్వ ప్రచురణలకూ అది వర్తిస్తుంది, "అధికారిక వాడకానికి మాత్రమే" ఉద్దేశించినవి తప్ప. ఆ మినహాయింపు కన్నంలోంచి ఎంత జారిపోగలదో నా సెక్షన్‌లో పనిచేసినవాళ్లకి తెలుసు.

సమాచార హక్కులో తమిళనాడు ముందే నడిచింది, 1997లోనే సొంత చట్టం చేసుకుంది. 2005 కేంద్ర చట్టంలో నాలుగో సెక్షన్ చదివారా? ఎవరూ అడక్కుండానే ప్రతి ఆఫీసూ బయటపెట్టాల్సినవి అందులో ఉన్నాయి. ఆ జాబితాలో ప్రజల కోసం రీడింగ్ రూమ్ ఉంటే దాని పనివేళలు చెప్పాలని కూడా రాశారు. ఆ వాక్యం రాసినవారెవరో గానీ నా నమస్కారం. ఇప్పుడు అన్నీ వెబ్‌సైట్‌లో ఉన్నాయంటారు. ఉంటాయి, వంకరగా స్కాన్ చేసిన పీడీఎఫ్‌లుగా. వెతికితే ఒక్క మాటా దొరకదు, సైటు కొత్తది చేయగానే పాత లింకులన్నీ గల్లంతు.

మీలో చాలామందికి సరిహద్దుకు అటూ ఇటూ పొలాలున్నాయి కాబట్టి చెబుతున్నాను. ఫీజు కట్టి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, ఆంధ్రా ఆఫీసుకైతే తెలుగులోనే రాయొచ్చు. ఊరు, తాలూకా, సర్వే నంబరుతో పాటు ఏ సంవత్సరం నాటిదో తప్పకుండా రాయండి. అది వేరే ఆఫీసు దగ్గర ఉన్న సమాచారమైతే, ఆరో సెక్షన్ మూడో సబ్‌సెక్షన్, అంటే 6(3) కింద ఐదు రోజుల్లోపు వాళ్లే సరైన ఆఫీసుకు బదిలీ చేయాలి. "ఇది మాది కాదు" అని తిప్పి పంపితే ఆ నంబరు వేసి మళ్లీ పంపండి.

పాత పట్టాలు ఎవరైనా వెంట తెచ్చుకుని ఉంటే ముందుకు రండి, చూద్దాం.