బోర్డు మీద పేర్లు

తోటి ఉపాధ్యాయులందరికీ నమస్కారం.

మనం గది దాటగానే క్లాస్ లీడర్ సుద్దముక్క పట్టుకుంటాడు. మాట్లాడినవాళ్ళ పేర్లు బోర్డెక్కుతాయి. మళ్ళీ మాట్లాడితే పేరు పక్కన ఇంటూ మార్కు. చిన్నప్పుడు మనమందరం ఆ బోర్డు ఎక్కినవాళ్ళమే, లేదా ఎక్కించినవాళ్ళమే. లీడరంటే ప్రతినిధి అని సోషల్లో పాఠం చెబుతూ, మన తరగతిలో మాత్రం వాణ్ణి కానిస్టేబుల్ని చేశాం.

నేను తొమ్మిదో తరగతిలో చీటీలతో ఎన్నిక పెట్టాను. ఫస్ట్ ర్యాంకు పిల్లాడే గెలిచాడు. నేను నియమించినా వాణ్ణే పెట్టేవాణ్ణి! ఇలా కాదని సుద్దముక్క వెనక్కి తీసుకుని, శనివారం ఆఖరి పీరియడు తరగతికే ఇచ్చేశాను. నియమాలు మీరే రాసుకోండి అన్నాను.

మొదటి నియమం: ఆలస్యంగా వస్తే పీరియడంతా నిలబడాలి. మనల్ని చూసి నేర్చుకున్నదేగా! చేతులెత్తారు, నెగ్గింది. అప్పుడు వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది. జూన్ నుంచి ఆ పిల్ల గొంతు నేను వినలేదు. "మా ఊరికి ఒకటే బస్సు సార్. అది లేటైతే నేనేం చెయ్యాలి?" గది నిశ్శబ్దం. మరుసటి శనివారం మళ్ళీ చర్చ, మళ్ళీ చేతులు. నిలబెట్టడం పోయింది. బస్సు పిల్లలకు మొదటి పీరియడు నోట్సు ఎవరివ్వాలో వంతులు వేసుకున్నారు. మెజారిటీకి హద్దెందుకో నేను ఎన్ని పీరియడ్లు చెప్పినా ఎక్కనిది, ఆ బస్సు వల్ల ఎక్కింది.

1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ హెచ్చరించింది ఇలాంటి వైరుధ్యం గురించే: రాజకీయాల్లో ఒక మనిషికి ఒక ఓటు, సామాజిక, ఆర్థిక జీవితంలో మాత్రం అసమానత. అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆయనకు గురువైన తత్వవేత్త జాన్ డ్యూయీ, ప్రజాస్వామ్యం పరిపాలన పద్ధతి మాత్రమే కాదు, కలిసి బతికే తీరు అని 1916లోనే రాశాడు.

విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. బెత్తం చాలాచోట్ల మూలపడింది. "నీకేం వస్తుంది, కూర్చో" అన్న మాట మాత్రం ఇంకా మన నోట్లోనే ఉంది.

పదో తరగతిలో ఇవన్నీ కుదరవంటారు. సిలబస్, స్పెషల్ క్లాసులు, పబ్లిక్ పరీక్షలు. నిజమే. ఆ పిల్లలే పదికొచ్చాక, జనవరిలో శనివారం పీరియడును నేనే లెక్కల మాస్టారికి ఇచ్చేశాను. మమ్మల్ని అడక్కుండా ఎలా ఇచ్చారని నిలదీశారు. నా దగ్గర జవాబు లేదు. మధ్యాహ్న భోజనం తర్వాత పావుగంట అడిగి తీసుకున్నారు. అందులో మొదటి అంశం నా మీదే.