పవర్‌పాయింట్ టేబుల్లో అంకెలు నింపడం, దిద్దడం

(తెర మీద: ఖాళీ స్లైడ్. ఇన్సర్ట్, ఆ తర్వాత టేబుల్.)

నమస్కారం అండీ. అపార్ట్‌మెంట్ సంఘం సమావేశంలో ఏడాది ఖర్చులు చూపించాలనుకుందాం. వాచ్‌మన్ జీతం, వాటర్ ట్యాంకర్లు, కరెంటు, లిఫ్టు. పైన హెడింగు, అడుగున మొత్తం. అంటే రెండు కాలమ్‌లు, ఆరు వరసలు.

మొదటి గడిలో క్లిక్ చేసి టైప్ చేయండి. పక్క గడికి వెళ్ళాలంటే ట్యాబ్, వెనక్కి రావాలంటే షిఫ్ట్ పట్టుకుని ట్యాబ్. ఎక్సెల్ అలవాటున్నవాళ్ళ చెయ్యి ఎంటర్ మీదకే పోతుంది. ఇక్కడ ఎంటర్ కొడితే అదే గడిలో ఇంకో లైను పడి వరస లావవుతుంది. అలా పెరిగీ పెరిగీ టేబుల్ స్లైడ్ దాటి కిందికి జారిపోతుంది, అక్షరాలు వాటంతటవి చిన్నవి కావు.

చివరి గడిలో ట్యాబ్ కొడితే కొత్త వరస వస్తుంది. మధ్యలో కావాలంటే ఆ వరసలో రైట్ క్లిక్ చేసి ఇన్సర్ట్‌లోకి వెళ్ళండి.

(తెర మీద: 96,000 ఉన్న గడిలోకి ట్యాబ్‌తో వెళ్ళడం. అంకె మొత్తం సెలెక్ట్ అవుతుంది.)

దిద్దేటప్పుడు ఇది గమనించండి. ట్యాబ్‌తో గడిలోకి వెళ్తే అందులో ఉన్నదంతా సెలెక్ట్ అవుతుంది. అప్పుడు ఏది టైప్ చేసినా పాత అంకె మొత్తం పోతుంది. ఒక్క అంకే మార్చాలంటే మౌస్‌తో సరిగ్గా అక్కడే క్లిక్ చేయండి. పొరపాటున పోతే కంట్రోల్ జెడ్ ఉంది.

అంకెల కాలమ్ మొత్తం సెలెక్ట్ చేసి కంట్రోల్ ఆర్ నొక్కండి, కుడివైపుకి సర్దుకుంటాయి. పవర్‌పాయింట్ ఈ పని తనంతట తాను చేయదు. ఒక వరసలో పైసలు రాస్తే అన్నిట్లోనూ రాయండి, లేకపోతే ఒకట్లు, పదులు ఒకదాని కింద ఒకటి రావు. కామాలు కూడా మీరే పెట్టాలి: 1,80,000.

(తెర మీద: నాలుగు ఖర్చులు, అడుగున మొత్తం 3,92,500.)

ఇప్పుడు అసలు విషయం. జీతం 1,80,000, ట్యాంకర్లు 96,000, కరెంటు 74,500, లిఫ్టు 42,000. మొత్తం 3,92,500. ఆఖరి నిమిషంలో ఇంకో ట్యాంకర్ బిల్లు దొరికింది, 96,000ని 1,06,000 చేశారు. మొత్తం మారిందా? మారదండీ! పవర్‌పాయింట్ టేబుల్‌కి లెక్కలు రావు. దానికి అంకె కూడా అక్షరంతో సమానమే. మీరు 4,02,500 అని రాసేదాకా తప్పు మొత్తమే తెర మీద ఉంటుంది. అది నలుగురూ కట్టిన డబ్బు. హాల్లో ఎవరో ఒకరు ఫోన్ తీసి కూడతారు, పదివేలు తేడా వస్తే ఆ తర్వాత చూపించే ఏ లెక్కనీ నమ్మరు.

అందుకే నా సలహా, కూడిక ఎక్సెల్‌లో చేయండి. అది తేలాక అక్కడి గడులు కాపీ చేసి, ఇక్కడ సరిగ్గా అన్నే గడులు సెలెక్ట్ చేసి పేస్ట్ చేయండి. ఆపిల్ వాళ్ళ కీనోట్ వాడేవాళ్ళకి ఈ ఇబ్బంది తక్కువ. అందులో గడిలో ఈక్వల్ టు గుర్తు కొడితే ఫార్ములా రాసుకోవచ్చు.

(తెర మీద: హోమ్, పేస్ట్ బాణం, పేస్ట్ స్పెషల్, పేస్ట్ లింక్.)

సమావేశం దాకా అంకెలు మారుతూనే ఉంటాయంటే పేస్ట్ లింక్ వాడండి. ఎక్సెల్ ఫైల్లో మార్చి సేవ్ చేశాక స్లైడ్‌లో లింక్ అప్‌డేట్ చేస్తే కొత్త అంకెలు వస్తాయి. కానీ దాన్ని ఇక స్లైడ్‌లో దిద్దలేరు, డబుల్ క్లిక్ చేస్తే ఎక్సెల్ తెరుచుకుంటుంది. స్లైడ్లు ఒక్కటే పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వేరే కంప్యూటర్‌కి వెళ్తే, లింక్‌కి ఆ ఎక్సెల్ ఫైల్ దొరకదు. బయల్దేరే ముందు ఆఖరిసారి అప్‌డేట్ చేసి, ఫైల్ మెనూలో ఇన్ఫోలోకి వెళ్ళి, ఎడిట్ లింక్స్‌లో బ్రేక్ లింక్ నొక్కి సేవ్ చేయండి.