బ్లైండ్ టేస్టింగ్‌కి ఏ రెడ్ వైన్ తీసుకెళ్తే ఎక్కువమందికి నచ్చుతుంది? (ఫోన్-ఇన్ కార్యక్రమం)

యాంకర్: నమస్కారం. లేబుల్ కనబడకుండా సంచిలో పెట్టిన సీసాలు, ముందు గ్లాసులు, చేతిలో మార్కుల కాగితం. ఇలాంటి బ్లైండ్ టేస్టింగుల గురించే ఈరోజు మీ ప్రశ్నలు. జవాబులు చెప్పడానికి మన వైన్ నిపుణుడు స్టూడియోలో ఉన్నారు. మొదటి కాల్ డల్లాస్ నుంచి. చెప్పండమ్మా.

కాలర్ (డల్లాస్): నమస్తే అండి. మా ఆఫీసువాళ్లు 14 మంది కలిసి బ్లైండ్ టేస్టింగ్ పెట్టుకున్నారు. తలా ఒక రెడ్ వైన్ తేవాలి, 30 డాలర్లు దాటకూడదు. ఏది తీసుకెళ్లమంటారు?

నిపుణుడు: ముందు ఒక మాట చెప్పండమ్మా. గెలుపు ఎలా తేలుస్తారు? ఒక్కొక్కరు తమకు బాగా నచ్చిన ఒక్క సీసాకి ఓటేస్తారా, లేక అన్నిటికీ వరసగా ర్యాంకులు ఇస్తారా?

కాలర్: ర్యాంకులండి. అన్నీ కూడితే ఎవరికి తక్కువ వస్తే వాళ్లు గెలిచినట్టు.

నిపుణుడు: సీసా ఎంపిక దీన్ని బట్టే ఉంటుంది. పదిమంది ఎనిమిది వైన్లు రుచి చూశారనుకుందాం. ఒక వైన్‌కి అయిదుగురు ఒకటో ర్యాంకు ఇచ్చారు, మిగతా అయిదుగురికి అసలు పడక ఎనిమిదో ర్యాంకు ఇచ్చారు. మొత్తం 45. ఇంకో వైన్‌ని ఒక్కరూ మొదటి స్థానంలో పెట్టలేదు, కానీ అందరూ మూడో ర్యాంకు ఇచ్చారు. మొత్తం 30. గెలిచేది రెండోదే. అదే ఒక్క ఓటు పద్ధతి అయితే మొదటిది అయిదు ఓట్లతో గెలిచేది. మీది ర్యాంకుల పోటీ కాబట్టి ఎవరూ మొహం చిట్లించని వైన్ కావాలి.

కాలర్: అంటే ఎలా ఉండాలండి?

నిపుణుడు: రెడ్ వైన్‌లో ఎక్కువమందిని ఇబ్బంది పెట్టేవి మూడు. వగరు, పులుపు, ఆల్కహాల్ మంట. వగరు అంటే టానిన్. ద్రాక్ష తొక్క, గింజ, వైన్‌ని నిల్వ చేసే ఓక్ చెక్క పీపాల నుంచి వస్తుంది. లాలాజలంలోని ప్రొటీన్లను పట్టేస్తుంది కాబట్టి పచ్చి అరటికాయ కొరికినట్టు నాలుక బిగుసుకుపోతుంది. పైగా గ్లాసు తర్వాత గ్లాసుకి ఆ వగరు పేరుకుంటుంది. పద్నాలుగు రెడ్లు వరసగా తాగేచోట పదో గ్లాసులో గట్టి వగరు వస్తే ఎంత మంచి వైన్ అయినా జనం తోసేస్తారు. అందుకే వగరు ఎక్కువుండే లేత బరోలో (ఇటలీ రెడ్), కుర్ర కాబెర్నే (ఒక ద్రాక్ష రకం) వద్దు. ఇటలీ రెడ్ కియాంటీ భోజనంలోకి చాలా బాగుంటుంది, కానీ పక్కన తిండి లేకుండా ఉత్తగా తాగితే పులుపు, వగరే ముందు తెలుస్తాయి. పీనో న్వార్ అనే ద్రాక్షతో చేసిన వైన్ సున్నితమైనది. నల్లటి, చిక్కటి రెడ్ల మధ్య దాన్ని పెడితే నీళ్లగా అనిపిస్తుంది.

యాంకర్: మరి ఏది తీసుకెళ్లాలి?

నిపుణుడు: అర్జెంటీనాలోని మెండోసా ప్రాంతం నుంచి మాల్బెక్ అనే ద్రాక్షతో చేసిన వైన్. అందులోనూ ఉకో వ్యాలీ అని లేబుల్ మీద ఉన్నది. అక్కడి తోటలు సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంటాయి. పగటి ఎండకి పండు బాగా పక్వానికి వస్తుంది, రాత్రి చలికి పులుపు నిలుస్తుంది. మన నేరేడు పండు గుర్తుకొచ్చే రుచి, కానీ నేరేడుకుండే వగరు ఇందులో మెత్తబడి ఉంటుంది. 20 నుంచి 28 డాలర్ల మధ్య, రెండు నుంచి నాలుగేళ్ల క్రితం పంటది తీసుకోండి. లేబుల్ మీద ఆల్కహాల్ 14.5 శాతం దాటితే వెనక్కి పెట్టేయండి, గొంతులో మంట తెలుస్తుంది. మాల్బెక్ దొరక్కపోతే స్పెయిన్‌లోని రియోహా ప్రాంతపు వైన్, లేబుల్ మీద రిజర్వా అని ఉన్నది. దాన్ని కనీసం మూడేళ్లు, అందులో ఒక ఏడాది ఓక్ పీపాలో ఉంచాకే అమ్ముతారు. వగరు మెత్తబడే మీ చేతికొస్తుంది.

కాలర్: కొంచెం తియ్యగా ఉండే రెడ్ బ్లెండ్, అంటే రెండు మూడు ద్రాక్షలు కలిపిన వైన్ అయితే అందరికీ నచ్చుతుంది కదండీ?

నిపుణుడు: మొదటి గుక్కకి నచ్చుతుంది. కానీ గుంపులో వైన్ అలవాటున్నవాళ్లు నలుగురుంటే ఆ తీపిని పట్టేసి అడుగున పెడతారు, మీ మొత్తం పెరిగిపోతుంది. తయారీదారు వెబ్‌సైట్‌లో రెసిడ్యువల్ షుగర్, అంటే వైన్‌లో మిగిలిన చక్కెర, అంకె చూడండి. లీటరుకి నాలుగు గ్రాముల లోపుంటే డ్రై, అంటే తీపి లేనట్టే. అయిదారు వరకు నోటికి మెత్తగా అనిపిస్తుంది, ఫరవాలేదు. పది దాటితే వద్దు.

ఇక అసలు పని ఇంటి దగ్గరే ఉంది. ఒకే రకానివి రెండు సీసాలు కొనండి. వెళ్లే ముందు ఒకటి తీసి వాసన చూడండి. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే కార్క్ చెడినట్టు, అది పోయే దారి లేదు, రెండోది తీయండి. బాగుంటే జగ్గులోకి వంచి ముప్పావుగంట గాలి తగలనివ్వండి. ఈలోగా సీసాని సబ్బు లేకుండా మంచినీళ్లతో కడిగి బోర్లించండి. తర్వాత వైన్‌ని మళ్లీ అందులో పోసి బిరడా పెట్టండి. గాలి తగిలాక వాసన విచ్చుకుంటుంది, కొత్త వైన్ కరుకుదనం కొంత తగ్గుతుంది. బయల్దేరే ముందు అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. గ్లాసులోకి వచ్చేసరికి 16 నుంచి 18 డిగ్రీల సెల్సియస్ ఉండాలి.

కాలర్: పద్నాలుగు మందికి ఒక్క సీసా చాలుతుందా అండి?

నిపుణుడు: 750 మిల్లీలీటర్ల సీసా. మనిషికి 50 పోస్తే 700, సరిపోతుంది. కానీ పద్నాలుగు గ్లాసులూ మింగితే ఒక్కొక్కరు దాదాపు సీసా తాగినట్టే. ఉమ్మడానికి తలా ఒక కప్పు పెట్టమనండి, కార్లు నడిపేవాళ్లు తప్పకుండా ఉమ్మాలి.

యాంకర్: హైదరాబాద్ నుంచి కాల్. హలో సార్.

కాలర్ (హైదరాబాద్): నమస్తే అన్నా. మా ఇంట్లోనే పదిమంది దోస్తులకు పెడ్తున్న. మన దేశం వైన్లు పెట్టొచ్చా? తర్వాత బిర్యానీ ఉంది.

నిపుణుడు: తప్పకుండా పెట్టండి. నాసిక్ నుంచి షిరాజ్ అనే ద్రాక్షతో చేసిన సులా రాసా షిరాజ్, నందిహిల్స్ గ్రోవర్ జంపా లా రిజర్వ్, అక్లూజ్ నుంచి ఫ్రాటెల్లీ సెట్టే. ఈ మూడిటి మధ్య ఒక మాల్బెక్ కలిపితే మంచి పోటీ. కానీ సీసా ఎక్కడ కొంటున్నారో చూసుకోండి. ఏసీ లేని వైన్స్ షాపులో వేసవంతా నిలబెట్టిన సీసాలో వైన్ ఉడికిపోతుంది. కార్క్ పైకి పొడుచుకొచ్చినా, మూత రేకు కింద జిగురు మరక కనబడినా ముట్టుకోవద్దు.

రూమ్ టెంపరేచర్‌లో తాగాలన్న మాట చలిదేశాల గదుల గురించి పుట్టింది. మన 32 డిగ్రీల్లో పోస్తే పండు వాసన పోయి స్పిరిట్ ఘాటే ముక్కుకి తగులుతుంది. బకెట్లో సగం ఐస్, సగం నీళ్లు పోసి సీసాని మెడదాకా ముంచితే పావుగంటలో దారికొస్తుంది. ఉత్త ఐస్‌లో పెడితే ఆలస్యం, నీళ్లుంటేనే చల్లదనం చుట్టూ అంటుతుంది. రాత్రంతా ఫ్రిజ్‌లో మాత్రం ఉంచొద్దు, మరీ చల్లబడితే వగరు పదునెక్కుతుంది.

కాలర్: సంచులెట్ల కట్టాలె?

నిపుణుడు: మెడ మీది రేకు పూర్తిగా ఊడదీయండి, దాని రంగుని బట్టే కొందరు పోల్చేస్తారు. అన్నిటికీ ఒకే రకం కాగితపు సంచి, మెడ దగ్గర రబ్బరు బ్యాండ్. సంచిలో పెట్టేది ఒకరు, నంబర్లు వేసేది ఇంకొకరు అయితే మీరూ రుచి చూడొచ్చు. భుజాలు వాలిన సీసా సంచిలోనూ తెలిసిపోతుంది, అలాంటిది ఉంటే అన్నిటినీ ఒకేలాంటి జగ్గుల్లో పోయండి. ఆ గదిలో అగరుబత్తి, సాంబ్రాణి, మల్లెపూలు, సెంటు ఉండకూడదు. అందరి దగ్గరా మార్కుల కాగితాలు తీసుకున్నాకే బిర్యానీ గిన్నె మూత తీయండి. మిరపకారం నోట్లో ఉండగా వైన్ పడితే ఆల్కహాల్ ఆ మంటని ఇంకా రేపుతుంది, వగరు కూడా గరుకుగా తగులుతుంది. టేస్టింగ్ అయ్యేదాకా ఉత్త బ్రెడ్డు, నీళ్లు చాలు. ముందు పాన్, సోంపు కూడా వద్దు.

యాంకర్: చివరి కాల్, మెల్‌బోర్న్. క్లుప్తంగా అడగండి.

కాలర్ (మెల్‌బోర్న్): సార్, మా దగ్గర అందరూ షిరాజే తేవాలి. చల్లని ప్రాంతానిదా, వేడి ప్రాంతానిదా?

నిపుణుడు: నాకైతే చల్లని ప్రాంతపు షిరాజే ఇష్టం, అందులో మిరియాల వాసన అద్భుతంగా ఉంటుంది. కానీ ఆ వాసనకి కారణమైన రొటండోన్ అనే పదార్థాన్ని సుమారు అయిదుగురిలో ఒకరు అసలు పసిగట్టలేరు. వాళ్లకి ఆ వైన్‌లో సగం అందం లేనట్టే. గుంపు కోసమైతే వేడి ప్రాంతాలైన బరోసా లేదా మెక్‌లారెన్ వేల్ నుంచి, మూడు నుంచి అయిదేళ్లది తీసుకెళ్లండి. స్క్రూ మూత ఉన్నదే తీసుకుంటే కార్క్ వాసన భయం దాదాపు ఉండదు. ఆ ప్రాంతాల్లో 15 శాతం దాటినవి చాలా ఉంటాయి, కొనేముందు ఆ అంకె చూడండి. మిగతావాటికంటే రెండు డిగ్రీలు చల్లగా, 15 దగ్గర పోయమని చెప్పండి.

కాలర్: 14.5 ఉన్నది ఒకటి ఇంట్లోనే ఉంది సార్, నాలుగేళ్లది.

నిపుణుడు: అయితే అదే తీసుకెళ్లండి. గంట ముందు మూత తీసి, జగ్గులోకి వంచడం మర్చిపోకండి.