ఆమె మొదటి ఫోన్ ఎవరికి చేస్తుంది?

నమస్తే అండీ. మే నెల వచ్చిందంటే తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర. మగవాళ్లు చీర కట్టి, పూలు పెట్టుకుని, పెద్ద బొట్టుతో గుడికి నడిచొస్తారు. కథ మన పిల్లలకి కూడా తెలుసు. ఊళ్లో ఆడవాళ్లని చెరబట్టే పాలెగాడు, వాడిని చంపడానికి పుట్టిన గంగమ్మ. ప్రాణభయంతో దాక్కున్న వాడి కోసం రోజుకో వేషం వేసుకుని వెతుకుతుంది. చివరికి దొర వేషంలో వస్తే, నిజంగా దొరే వచ్చాడనుకుని వాడు బయటికొస్తాడు.

కథంటే నాకూ ఇష్టమే, పేచీ మాత్రం ఒకటుంది. పాలెగాడు బయటివాడు. బయటివాడైతే ఊరంతా ఒక్కటవుతుంది. వాడు ఇంట్లోనే ఉంటే? అన్నం వడ్డించే చోటే ఉంటే? 2022లో దేశం మొత్తం మీద ఆడవాళ్ల మీద జరిగిన నేరాలుగా పోలీసులు రాసుకున్న కేసులు 4 లక్షల 45 వేల పైచిలుకు. వాటిలో అన్నిటికన్నా పెద్ద వాటా, 31 శాతం దాకా, "భర్త లేదా అతని బంధువుల క్రూరత్వం" కింద పెట్టినవి. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ఇది. అదీ స్టేషన్ మెట్లెక్కినవాళ్ల లెక్క మాత్రమే. ఎక్కనివాళ్ల సంగతి తెలియాలంటే సర్వేలు చూడాలి.

ముందే ఒక మాట చెప్తాను. ఈ వీడియో దెబ్బలు తింటున్న ఆడమనిషి కోసం కాదు. ఆమె మొదటి ఫోన్ ఎవరికి చేస్తుందో, వాళ్ల కోసం. అమ్మ కావచ్చు, అన్న కావచ్చు, చిన్నప్పుడు పక్క బెంచీలో కూర్చున్న స్నేహితురాలు కావచ్చు. ఎందుకో వింటూ ఉంటే మీకే తెలుస్తుంది.

మనకున్న పెద్ద సర్వే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే. ఐదో విడత 2019 నుంచి 21 దాకా జరిగింది. ఈ విషయం వాళ్లు ఎలా అడుగుతారో ముందు చూద్దాం. "మీ ఇంట్లో హింస ఉందా?" అని అడిగితే మనవాళ్లలో చాలామంది లేదనే చెప్తారు, ఎందుకంటే చెంపదెబ్బని హింస కింద ఎవరూ లెక్కెయ్యరు. అందుకే ఆ మాటే వాడరు. నిన్ను తోశాడా? మీదకి ఏమైనా విసిరాడా? చెంప మీద కొట్టాడా? చెయ్యి మెలిపెట్టాడా, జుట్టు పట్టి లాగాడా? పిడికిలితో గుద్దాడా? తన్నాడా, ఈడ్చాడా? గొంతు నులిమాడా? ఇలా ఒక్కొక్కటే అడుగుతారు.

ఇంకో నియమం కూడా ఉంది. ఒక ఇంట్లో ఒక్క ఆడమనిషినే అడగాలి, అదీ పక్కన ఇంకెవరూ లేనప్పుడే. ఏకాంతం దొరక్కపోతే ఆ భాగం మొత్తం వదిలేసి వచ్చెయ్యాలి. లెక్క తగ్గినా ఫరవాలేదు, అడిగిన పాపానికి ఆమెకి రాత్రికి ఇంకో దెబ్బ పడకూడదు. ఇదే సూత్రాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ఇలాంటి పరిశోధనలన్నిటికీ పెట్టింది.

మన ఇళ్లల్లో ఏకాంతం ఎక్కడిదండీ? కొర్లగుంటలో రెండు గదుల పోర్షన్ అనుకోండి. కోడలు లోపల, సర్వే అమ్మాయి ఎదురుగా. అత్తగారు గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనె తీస్తుంటుంది. చేతులు కాయల మీదే ఉంటాయి, చెవి మాత్రం లోపలుంటుంది. పని తెలిసిన అమ్మాయైతే గొంతు కూడా మార్చదు. "పిల్లోడికి టీకాలన్నీ ఏయించినారా అమ్మా?" అని ఇంకో ప్రశ్నలోకి జారుకుంటుంది. తిరుపతిలో 1983లోనే ఆడవాళ్ల కోసం యూనివర్సిటీ పెట్టారు కదా, అక్కడ సోషల్ వర్క్ చదివే అమ్మాయిలు ఎవరైనా ఈ వీడియో చూస్తుంటే, మీ ఫీల్డ్‌వర్క్‌లో సగం విద్య ఈ జారుకోవడమే.

అంత జాగ్రత్తగా అడిగితే ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన జవాబేంటి? పెళ్లయిన ఆడవాళ్లలో 30 శాతం మంది భర్త చేతిలో హింస చూశామన్నారు. కర్ణాటకలో 44. దేశం మొత్తం మీద 29. మనం మధ్యలో ఉన్నాంలే అని ఊపిరి పీల్చుకునేలోపు ఇంకో అంకె వినండి.

అదే సర్వేలో ఇంకో ప్రశ్న ఉంది. భార్యని భర్త కొట్టడం ఎప్పుడైనా న్యాయమేనా? ఏడు కారణాలు చదువుతారు. చెప్పకుండా బయటికెళ్లడం, ఇల్లూ పిల్లల్ని పట్టించుకోకపోవడం, ఎదురు మాట్లాడటం, మంచం దగ్గర కాదనడం, వంట సరిగ్గా చెయ్యకపోవడం, ఆమె మీద అనుమానం రావడం, అత్తమామల్ని గౌరవించకపోవడం. ఒక్క కారణానికైనా "అవును, కొట్టొచ్చు" అన్న ఆడవాళ్లు మన రాష్ట్రంలో 84 శాతం. మగవాళ్లు కాదండీ, ఆడవాళ్లు! తెలంగాణలోనూ అంతే. హిమాచల్ ప్రదేశ్‌లో ఇదే ప్రశ్నకి 15 శాతం.

ఈ అంకె రాగానే "చూశారా, ఆడదానికి ఆడదే శత్రువు" అని మొదలుపెడతారు. నాకు ఆ మాట మీద ఒళ్లు మండుతుంది. ఆ 84 శాతంలో ఎక్కువమంది తమ ఇష్టం చెప్పారని నేననుకోను, ఊళ్లో నడిచే రూలు చెప్పారనుకుంటాను. రూలు తెలిసినవాళ్లకి దెబ్బ ఎప్పుడు పడుతుందో ముందే తెలుస్తుంది, కాస్త పక్కకి తప్పుకోవచ్చు. బతకడానికి నేర్చుకున్న తెలివి అది. కాకపోతే ఆ తెలివి కూతురికి కూడా అప్పజెప్తారు చూడండి, చిక్కంతా అక్కడే వస్తుంది.

ఎందుకంటే, శారీరకంగానో లైంగికంగానో హింస పడ్డ ఆడవాళ్లలో దేశం మొత్తం మీద 77 శాతం మంది ఎవరి సాయమూ అడగలేదు, ఎవరికీ చెప్పనూ లేదు. సాయం అడిగినవాళ్లు 14 శాతమే. వాళ్లలో ఎక్కువమంది ఎవరిని అడిగారు? పోలీసుల్ని కాదు, లాయర్ని కాదు, డాక్టర్ని కాదు. పుట్టింటివాళ్లని.

ఇక పుట్టింట్లో ఏం జరుగుతుందో మన ఉమ్మడి చిత్తూరు జిల్లా వాళ్లకి విడమర్చి చెప్పాలా? పలమనేరు వైపైనా, పుత్తూరు వైపైనా మాట ఒకటే. "ఏం మ్మే, ఒక దెబ్బ కొట్నంత మాత్రాన ఇల్లు ఇడ్సిపెట్టి వచ్చేస్తారా? నీ చెల్లెలికి సంబంధాలు చూస్తా ఉండాము." రెండో వాక్యం విన్నారు కదా? మొదటిది కోపం, రెండోదే అసలు కారణం. ఆ తర్వాత పెద్దమనుషులు కూర్చుంటారు, అల్లుడి చేత "ఇంకోసారి చెయ్యి చేసుకోను" అనిపిస్తారు, కాఫీలు తాగుతారు, సాయంత్రం బస్సుకి అమ్మాయిని ఎక్కించేస్తారు. ఆ బస్సులో ఆమెకి అర్థమయ్యేది ఒకటే: ఇంకోసారి చెప్పుకోవడానికి ఎవరూ లేరు. ఆ సంగతి అతనికి కూడా అర్థమవుతుంది.

ఇక్కడ "అంతా మందు వల్లే" అనేవాళ్లుంటారు. కొంత నిజం. మన పక్కనే నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1992లో సారా మీద తిరగబడితే, మరుసటి సంవత్సరమే రాష్ట్రంలో సారా బంద్ అయింది. వాళ్లేమీ పరిశోధన పత్రాలు చదివి చెయ్యలేదు. తరచూ తాగే భర్తలున్న ఆడవాళ్లలో 70 శాతం మంది హింస చూశారని అదే కుటుంబ ఆరోగ్య సర్వే చెప్తోంది. సరే. అసలు తాగని భర్తలున్న చోట? 23 శాతం. వాళ్లు ఏ మత్తులో కొట్టినట్టు?

ఇంకో మాట కూడా వింటుంటాం. "ఉద్యోగం ఉంటే ధైర్యం వస్తుంది" అని. శ్రీసిటీ ఫ్యాక్టరీల బస్సులో షిఫ్టుకి వెళ్లొచ్చే అమ్మాయిల్ని చూస్తే నాకూ అలాగే అనిపిస్తుంది. లెక్కలు మాత్రం అంత సూటిగా లేవు. డబ్బు సంపాదించే ఆడవాళ్లలో హింస ఎక్కువగా నమోదవుతోందని ఈ సర్వేలే చూపిస్తున్నాయి. జీతం ఆమె అకౌంట్లో పడితే ఏటీఎం కార్డు అతని జేబులో ఉండే ఇళ్లు ఎన్ని లేవు!

మరి ఏది పనిచేసింది? ఆర్థికవేత్త బీనా అగర్వాల్, ప్రదీప్ పాండా కలిసి కేరళలో తిరువనంతపురం జిల్లాలో సుమారు 500 మంది ఆడవాళ్ల మీద పరిశోధన చేసి 2005లో అచ్చు వేశారు. తన పేరున భూమీ ఇల్లూ రెండూ లేనివాళ్లలో 49 శాతం మంది భర్త చేత దెబ్బలు తిన్నారు. రెండూ ఉన్నవాళ్లలో 7 శాతం. ఒక్క జిల్లా లెక్కే, కాదనను. ఆస్తి వల్లే తగ్గిందా, ఆస్తి ఇచ్చే కుటుంబాలే వేరా అని వాదించొచ్చు కూడా. చదువూ, ఆదాయం లాంటివి పక్కన పెట్టి చూసినా ఆ తేడా చెరిగిపోలేదని వాళ్లు చూపించారు. కారణం ఊహించడం కష్టమేమీ కాదు. తన పేరున ఇల్లు ఉన్నామెని "పో బయటికి" అనలేడు. అంతకుమించి, పోవడానికి ఆమెకి చోటుందని అతనికి తెలుసు.

ఇప్పుడు మన రిజిస్ట్రార్ ఆఫీసుకి వద్దాం. దేశమంతా 2005లో కూతుళ్లకి సమాన వాటా ఇస్తే, ఎన్టీఆర్ హయాంలో మన రాష్ట్రం అంతకు ఇరవై ఏళ్ల ముందే, 1985 సెప్టెంబర్ నుంచే, ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకి వాటా పెట్టింది. చట్టంలో ముందున్నాం. కానీ నాన్న పోయాక ఏం జరుగుతుంది? అన్నదమ్ములు ఆటోలో తీసుకొస్తారు, పసుపు కుంకుమ కింద ఒక చీర, కొంత డబ్బు చేతిలో పెడతారు, అక్కచెల్లెళ్లు వాటా వదులుకుంటున్నామనే రిలీజ్ డీడ్ మీద సంతకం పెట్టేస్తారు. ఎందుకమ్మా అంటే "రేపు ఏదైనా అయితే నాకు పుట్టిల్లు ఉండాలి కదన్నా" అంటారు. పుట్టిల్లు తలుపు తెరిచి ఉంచడానికి వాటా వదులుకుంటారు. రేపు నిజంగా ఏదైనా అయి ఆ తలుపు తడితే, వదిన ముఖం చూడాలి. అదే 3 సెంట్ల స్థలం, ఒక గది ఆమె పేరున ఉండి ఉంటే? 2020 డిసెంబర్ నుంచి రాష్ట్రంలో ఇళ్ల పట్టాలు ఆడవాళ్ల పేరునే ఇచ్చారు. ఏ ప్రభుత్వానికి ఎన్ని ఓట్లు వచ్చాయన్నది నాకు అనవసరం. ఆ పట్టా బీరువాలో ఎవరి తాళం కింద ఉందన్నదే నాకు కావాలి.

చట్టం సంగతి. ఇక్కడ జనం రెండు వేరు వేరు దార్లని కలిపేసుకుని టెన్షన్ పడతారు. ఒకటి క్రిమినల్ కేసు. భర్త, అతని బంధువుల క్రూరత్వం మీద పెట్టేది: పాత శిక్షాస్మృతిలో 498ఏ, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షన్. మూడేళ్ల వరకు జైలు. ఈ కేసుల్లో ఫిర్యాదు రాగానే యాంత్రికంగా అరెస్టు చెయ్యొద్దని సుప్రీంకోర్టు 2014లోనే చెప్పింది, కాబట్టి "దొంగ కేసు పెట్టి మా ఇంటిల్లిపాదినీ లోపలేయిస్తుంది" అని కింద రాయబోయేవాళ్లు కాస్త ఆగండి.

రెండోది గృహహింస చట్టం. 2005లో చేశారు, 2006 అక్టోబర్ 26 నుంచి అమల్లో ఉంది. దీని ఉద్దేశం మొగుణ్ణి జైల్లో వెయ్యడం కాదు. కొట్టకుండా ఆపడం, ఇంట్లోంచి గెంటకుండా చూడటం, ఖర్చులు ఇప్పించడం. మేజిస్ట్రేటు మామూలుగా 3 రోజుల్లో మొదటి వాయిదా ఇవ్వాలి, 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలి. చాలా కోర్టుల్లో అంత వేగం ఉండదు, ఆ మాట దాచి లాభం లేదు. కానీ తుది తీర్పు కోసం ఆగకుండా మధ్యంతర ఉత్తర్వు అడగొచ్చు. రక్షణ ఉత్తర్వు వచ్చాక కూడా చెయ్యి చేసుకుంటే అప్పుడది నేరం: ఏడాది వరకు జైలు, లేదా 20 వేల వరకు జరిమానా, లేదా రెండూ.

ఇందులో అమ్మానాన్నలకి తెలియాల్సిన ముక్క ఒకటుంది. అమ్మాయిని బెంగళూరులో ఇచ్చారు, దెబ్బలు తిని తిరుపతిలో మీ ఇంటికొచ్చింది. కేసు కోసం బెంగళూరు తిరగాలా? అక్కర్లేదు. ఆమె తాత్కాలికంగా ఉంటున్న చోట కూడా గృహహింస చట్టం కింద అర్జీ పెట్టొచ్చు. 498ఏ ఫిర్యాదు విషయంలోనూ, ఆమె తలదాచుకున్న ఊళ్లో పెట్టొచ్చని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇల్లు అత్తమామల పేరున ఉన్నా, కోడలిగా అక్కడ కాపురం చేసి ఉంటే నివాస హక్కు అడగొచ్చని 2020లో ఇంకో తీర్పు. ఆస్తి ఆమెది అయిపోదు, నడిరోడ్డు మీద నిలబెట్టకూడదు, అంతే.

ఇక ఆసుపత్రి చీటీ. మొగుడు పక్కనే నిలబడి "బాత్రూంలో జారి పడింది సార్" అంటాడు. ఓపీ చీటీ మీద అదే రాస్తారు. ఏడాది తర్వాత కోర్టులో ఆ చీటీ అతని తరఫున సాక్ష్యం చెప్తుంది. అందుకే ఆమెతో వెళ్లేవాళ్లు చెయ్యాల్సింది అతన్ని కాసేపు పక్కకి తీసుకెళ్లడం. టీ తాగుదాం రమ్మనండి, బండికి పార్కింగ్ లేదనండి, ఏదో ఒకటి. ఆమె ఒంటరిగా డాక్టర్‌తో "కొట్టాడు" అంటే అది మెడికో లీగల్ కేసుగా, అంటే చట్టానికి సంబంధించిన గాయంగా నమోదవుతుంది, గాయం ఎక్కడ, ఎంత అన్నది కాగితం మీద ఉంటుంది. ఈ రోజు కేసు పెట్టకపోయినా ఆ కాగితం ఉంటుంది.

వన్ స్టాప్ సెంటర్లని 2015లో మొదలుపెట్టారు. వైద్యం, కౌన్సెలింగ్, పోలీసు సాయం, లాయర్ సలహా, కొద్ది రోజులు తలదాచుకునే చోటు, అన్నీ ఒకే చోట. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే దారి చెప్తారు. ప్రాణం మీదకి వస్తే 112. లాయర్ ఫీజు గురించి భయపడేవాళ్లకి: ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 చట్టంలోనే ఉంది, నంబరు 15100.

ఇక ఫోన్ మీకే వచ్చిందనుకోండి. రాత్రి 11కి. "ఏం చేశావు, ఎందుకు కొట్టాడు?" అని అడక్కండి. "ఇప్పుడు అతనెక్కడున్నాడు, పిల్లలెక్కడున్నారు, తలుపు లోపల గడియ ఉందా?" అని అడగండి. ఆధార్, పిల్లల సర్టిఫికెట్లు, బ్యాంకు పుస్తకం, నగల బిల్లులు మీ ఇంట్లో ఒక సంచీలో పెట్టుకుంటానని చెప్పండి. వచ్చెయ్యమని బలవంతం చెయ్యొద్దు, వెళ్లిపోయే సమయంలోనే ప్రమాదం ఎక్కువని చాలా దేశాల పరిశోధన చెప్తోంది. ఎప్పుడు రావాలో ఆమెకే బాగా తెలుసు. మూడుసార్లు వచ్చి మూడుసార్లు తిరిగి వెళ్లినా, నాలుగోసారి కూడా ఫోన్ ఎత్తండి.

చివరిగా, దెబ్బలు తింటున్న ఆమే ఇది చూస్తుంటే ఆమెకో మాట. ఈ వీడియో కింద మీ సొంత కథ, ఊరు, పేరు కామెంట్లలో రాయకండి. సొంత పేరుతో ఉన్న అకౌంట్ నుంచి అసలే వద్దు, ఎవరు చూస్తారో మీకూ తెలియదు, నాకూ తెలియదు. మీ ఫోన్ ఇంట్లో ఇంకొకరు చూసే అలవాటుంటే ఇది హిస్టరీలోంచి తీసెయ్యండి. 181ని సేవ్ చేసుకోవద్దు, మూడంకెలే, గుర్తుంటుంది. చేశాక కాల్ లిస్టులోంచి కూడా తీసెయ్యండి. గాయాల ఫోటోలు ఉంటే నమ్మకమైన ఒక్కరికి పంపించి, గ్యాలరీలోంచీ, రీసైకిల్ బిన్‌లోంచీ రెండుచోట్లా తీసెయ్యండి.